మీసం తగ్గించండి... లుంగీ సర్దుకోండి!

సముద్రం అడుగు చూడ్డానికి అండమాన్ బయల్దేరుతున్నారా? సంచి సగం ఖాళీగా ఉంచండి. ముందు చెవులు, ముక్కు, పొట్ట సర్దుకోండి.

మొదటిసారి అండమాన్ వెళ్లినప్పుడు మేం నలుగురం, మా సంచులు ఏడు. అక్క, బావ, పదిహేడేళ్ల వాళ్లమ్మాయి, నేను. సముద్రంలో మునగబోతున్నామన్న హుషారులో హైదరాబాద్‌లో ఓ ఆటసామాన్ల దుకాణాన్ని సగం ఊడ్చేశాం. ఈత కళ్లద్దాలు నాలుగు జతలు, చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు, ముఖం మొత్తాన్నీ కప్పేసే స్నార్కెల్ మాస్కు ఒకటి, మందపాటి టర్కీ తువ్వాళ్లు నాలుగు.

డైవింగ్ సెంటర్లో బల్ల మీద అవన్నీ పరిస్తే, ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్న అమ్మాయి ఒక్కొక్కటే పక్కకి జరుపుతూ పోయింది. ఈత కళ్లద్దాల్లో ముక్కు బయటే ఉంటుంది, కాబట్టి లోతుకు వెళ్తే అవి కళ్లను పీల్చేస్తాయి. బిరడాలు పెట్టుకుని మునిగితే నీటి ఒత్తిడికి చెవిలోకి దూసుకుపోతాయి. ముఖం మాస్కు పైపైన తేలడానికే. తువ్వాళ్లు తేమ గాలికి నాలుగు రోజులైనా ఆరవు. చివరికి బల్ల మీద మిగిలింది నా పాత గళ్ల లుంగీ ఒక్కటి. మా నాన్నది, కడుపులో తిప్పితే పడుకోడానికి పరుచుకుందామని తెచ్చుకున్నది. ‘‘ఇది మాత్రం రోజూ బోటు మీదికి తెచ్చుకోండి’’ అంది.

ఆ తర్వాత మరో మూడుసార్లు వెళ్లాను. ఏడు సంచుల్లోంచి ఒక సంచికి దిగాను. ఆ ప్రయాణాల్లో తెలిసిందేమిటంటే, డైవింగ్‌కి కావాల్సిన పెద్ద వస్తువులన్నీ అక్కడే దొరుకుతాయి. మనం ఇంటి దగ్గర సిద్ధం చేసుకోవాల్సింది మాత్రం ఒంటినే.

మాస్కు ఒక్కటే మనది

ఈత రానివాళ్లు కూడా ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా చేసే తొలి డైవ్‌లో లోతు 12 మీటర్లు దాటకూడదు. మూడు నాలుగు రోజులు కోర్సు చేసి ‘ఓపెన్ వాటర్’ సర్టిఫికెట్ తెచ్చుకుంటే 18 మీటర్లదాకా వెళ్లొచ్చు, దానికి మాత్రం కొద్దిగా ఈత రావాలి. ఏది చేసినా సిలిండరు, రెగ్యులేటరు, జాకెట్టు, వెట్‌సూట్, కాళ్లకు తొడిగే ఫిన్స్, నడుముకి కట్టే సీసపు బరువులు సెంటర్లోనే ఇస్తారు. మామూలుగా దేశీయ విమానాల్లో లగేజీకి ఇచ్చేది 15 కిలోలు, చేతిసంచికి 7. సొంత డైవింగ్ సామాను మొత్తం మోసుకెళ్తే అదంతా దానికే అయిపోతుంది. ఏటా పది డైవ్‌లు చేసేవాళ్ల సంగతి వేరు. మిగతావాళ్లు కొనుక్కోవాల్సింది ఒక్క మాస్కే.

ఎందుకంటే మాస్కు పట్టు అన్నది ముఖాన్ని బట్టి ఉంటుంది. అద్దె మాస్కు పక్కవాళ్లకి సరిపోవచ్చు, మీకు కారొచ్చు. దుకాణంలో చూసే పద్ధతి తేలిక. పట్టీ తగిలించుకోకుండా మాస్కుని ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి పీల్చి, చేతులు వదిలేయండి. జారకుండా అతుక్కుని ఉంటే అది మీది. జారిందా, ఎంత ఖరీదైందైనా వదిలేయండి.

కొత్త మాస్కు తెచ్చిన రోజునే చేయాల్సిన పని ఒకటుంది. తయారీలో అద్దం లోపల కంటికి కనపడని పొర పట్టి ఉంటుంది. అది పోకపోతే నీళ్లలోకి దిగిన నిమిషంలో అద్దం మంచు పట్టినట్టు మసకేస్తుంది. మామూలు తెల్ల టూత్‌పేస్టు (జెల్ కాదు) వేలికి తీసుకుని లోపలివైపు గుండ్రంగా రుద్దాలి. కాసేపు ఉంచి కడగాలి. ఇలా రెండు మూడు సార్లు. ఇక బోటు మీద దిగేముందు మాత్రం లోకమంతా పాటించే పద్ధతి ఒకటే: అద్దం మీద ఉమ్మి, వేలితో రాసి, ఒకసారి నీళ్లతో తొలిచేయడం. ‘‘ఛీ, ఎంగిలి!’’ అని మొహం చిట్లించిన మా అక్క, మసక అద్దంలోంచి చేపని చేపగా గుర్తుపట్టలేక, రెండోరోజు అందరికన్నా ముందు ఉమ్మింది. అంతగా మనసొప్పకపోతే చిన్న సీసాలో నీళ్లు కలిపిన బేబీ షాంపూ పెట్టుకోండి. రెండు చుక్కలు చాలు.

ఇప్పుడు బావ మీసం సంగతి. మా బావది గుబురు మీసం. పెళ్లినాటి ఫొటోల నుంచి ఇప్పటిదాకా దాని సరిహద్దులు మారలేదు. మాస్కు అంచు ముక్కు కింద, సరిగ్గా మీసం మొదలయ్యే చోట కూర్చోవాలి. అక్కడ వెంట్రుకలుంటే సిలికాన్ చర్మాన్ని పట్టుకోదు, ఆ సందుల్లోంచి నీళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి. మొదటి డైవ్‌లో ఎనిమిది నిమిషాలకే బావ బొటనవేలు పైకి చూపించాడు. డైవింగ్ సంజ్ఞల్లో దానర్థం ‘పైకి పోదాం’ అని. పైకొచ్చాక ముక్కులోంచి సముద్రం కారుతోంది. మీసం మొత్తం తీసేయక్కర్లేదు. ముక్కు కింద సన్నటి గీత మేర తగ్గిస్తే చాలు, మిగిలిన దానికి డైవింగ్ సెంటర్లలో దొరికే సిలికాన్ గ్రీజు కొద్దిగా రాస్తే సరి. వాజలీన్ రాసేవాళ్లున్నారు కానీ పెట్రోలియంతో చేసినవి రబ్బరు సామాన్లకు మంచివి కావు. ఆ రాత్రి గది అద్దం ముందు గోళ్లు తీసుకునే చిన్న కత్తెరతో బావ అరగంట నిలబడ్డాడు. మేమెవ్వరం మాట్లాడలేదు.

నాకు సైటు మైనస్ నాలుగున్నర. మాస్కు లోపల కళ్లజోడు పెట్టడం కుదరదు, కాడలు అంచుని లేపేస్తాయి. పవర్ అద్దాలు బిగించిన మాస్కులు దొరుకుతాయి, చాలా సెంటర్లు అద్దెకీ ఇస్తాయి, కానీ మీ నంబరు ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నీళ్లలో వస్తువులు మూడోవంతు పెద్దగా, పావువంతు దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి తక్కువ సైటున్నవాళ్లు ఏమీ లేకుండానే నెట్టుకురాగలరు. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు మెత్తటివి, ఒక్కరోజు వాడి పారేసే రకం తీసుకెళ్లి, నీళ్లలోంచి వచ్చాక తీసేయడం మేలు. నీటిలోని సూక్ష్మజీవులు లెన్సు కింద చేరితే కంటికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ రావచ్చు. గట్టి లెన్సులతో డైవింగ్ వద్దు, వాటికింద బుడగలు చిక్కుకుంటాయి.

చెవి మాట ముందు వినాలి

నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణం బరువు అదనంగా చేరుతుంది. ఒడ్డున ఉన్న ఒత్తిడి 10 మీటర్ల దగ్గర రెట్టింపు. 20 నుంచి 30 మీటర్లకు దిగేటప్పుడు మాత్రం అది మూడింతల నుంచి నాలుగింతలకే పెరుగుతుంది. అంటే చెవికి అసలు పరీక్ష అడుగున కాదు, పైన మొదటి కొన్ని మీటర్లలోనే. ముక్కు మూసి మెల్లిగా ఊదితే గొంతు నుంచి మధ్యచెవికి వెళ్లే గొట్టం తెరుచుకుని లోపలి గాలి, బయటి నీరు సమానమవుతాయి. మాస్కులో ముక్కుకి మెత్తటి తొడుగు ఉండేది ఇందుకే.

మా బోటు మీద సిలిండర్లు అందించే పెద్దాయన ఒకరు మా మాటలు విని పలకరించారు. తాతలనాడే సోంపేట వైపు నుంచి వేటకొచ్చి స్థిరపడ్డ కుటుంబమట. అండమాన్‌లో ఇదేం వింత కాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. నేను చెవి నొప్పని పైకి తేలితే ఆయన అన్నమాట ఇప్పటికీ నాకు పాఠం: ‘‘నొప్పొచ్చీసినాక ఊదితే ఏటి లాభం అమ్మా? నొప్పి రాకముందే ఊదీయాల. తలుపు బిగుసుకుపోనాక తోస్తే తెరుసుకుంటాదేటి?’’

తలుపు బిగుసుకుపోయేది ఎక్కువగా జలుబుతోనే. జలుబుగా ఉన్నప్పుడు డైవ్ వద్దంటే వద్దు. చాలామంది ముక్కు దిబ్బడ విప్పే చుక్కలో మాత్రలో వేసుకుని దిగేస్తారు. మందు ప్రభావం నీళ్లలో ఉండగానే తగ్గిపోతే లోపలి గాలి బయటికి రాలేక ఇరుక్కుంటుంది, దిగడం కన్నా పైకి రావడం నరకమవుతుంది. ప్రయాణానికి వారం ముందు నుంచీ ఐస్‌క్రీములు మానేయండని మా అక్క ప్రకటించింది. దానికి శాస్త్రం ఎంతుందో గానీ, మూతికి గుడ్డ మాస్కు కట్టుకుని బస్సెక్కడం, తుమ్మేవాళ్లకి దూరంగా ఉండటం మాత్రం నేను పాటిస్తాను.

చెవిలో గులిమి ఉంటే రెండు మూడు వారాల ముందే చెవి డాక్టరుకి చూపించుకోండి. బయల్దేరే ముందురోజు కాదు, శుభ్రం చేయించుకున్న చెవి కుదురుకోడానికి టైమివ్వాలి. పిన్నీసుతో, అగ్గిపుల్లతో, దూదిపుల్లతో గెలికే అలవాటు మనకి బాగా ఎక్కువ. గీరుకున్న చోట ఉప్పునీరు, వేడి, తేమ కలిస్తే బయటి చెవికి ఇన్ఫెక్షన్ ఖాయం. అదొస్తే యాత్ర అయిపోయినట్టే, చెవి తమ్మె ముట్టుకుంటేనే ప్రాణం పోతుంది. డైవ్ అయ్యాక మంచినీళ్లతో చెవులు కడిగి, తల అటూఇటూ వంచి నీళ్లు కార్చి, పైపైన తుడిస్తే చాలు. ఆరబెట్టే చుక్కలు ఉంటాయి, అవి కర్ణభేరికి చిల్లు లేదని తెలిసినవాళ్లకే. డాక్టరు రాసిస్తే పెట్టుకోండి.

డాక్టరు మాట వచ్చింది కాబట్టి: డైవింగ్‌కి ముందు ఒక ఆరోగ్య ప్రశ్నాపత్రం నింపమంటారు. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, బీపీ, మధుమేహం, ఛాతీకి చెవికి జరిగిన ఆపరేషన్లు, గర్భం, అన్నీ అడుగుతారు. కొన్నింటికి ‘అవును’ అంటే డాక్టరు సంతకం లేకుండా దింపరు. దీవిలో ఆదివారం పూట డాక్టరు కోసం వెతుక్కునే కన్నా ఆ పత్రం ముందే తెప్పించుకుని మన డాక్టరు దగ్గర సంతకం పెట్టించుకోవడం తేలిక. ‘‘చిన్న బీపీయే కదా, లేదని టిక్కు పెట్టేస్తాను’’ అన్నాడు బావ. ‘‘పెట్టు. నీళ్ల కింద కళ్లు తిరిగితే చేపలకి చెప్పుకో’’ అంది అక్క. మర్నాడే క్లినిక్‌కి వెళ్లొచ్చారు. గర్భిణులు మాత్రం ఎవరి సంతకంతోనూ డైవ్ చేయకూడదు. సముద్రం ఎక్కడికీ పోదు. ఈమధ్యనే పన్ను తీయించుకున్నవాళ్లు, సరిగ్గా కూరని పిప్పిపన్ను ఉన్నవాళ్లు కూడా ముందు పంటి డాక్టర్ని కలవాలి. పంటి సందులో చిక్కుకున్న గాలి కూడా గాలే.

వడ వద్దు, ఇడ్లీ ముద్దు

డైవ్‌కి ముందు పొద్దున ఏం తినాలన్న దానిమీద మా ఇంట్లో జరిగినంత చర్చ పెళ్లి భోజనాల మీద కూడా జరగలేదు. ఖాళీ కడుపుతో బోటెక్కితే తిప్పుడు ఎక్కువవుతుంది. నిండా తిన్నా అంతే. రెండు ఇడ్లీలో, ఓ అరటిపండో తిని గంటాగి ఎక్కడం నాకు సరిపోయింది. సెనగలు, గారెలు, కాలీఫ్లవరు లాంటి గ్యాసు సరుకు ముందురోజు రాత్రి నుంచే వద్దు. పొట్టలోని గాలి కూడా పైకొచ్చేటప్పుడు వ్యాకోచిస్తుంది, దానికి మర్యాదలు తెలియవు. ఆవకాయ ప్రియులు డైవ్ రోజు మధ్యాహ్నం దాకా ఓపిక పట్టండి. నీళ్లలో తలకిందులుగా వంగినప్పుడు పుల్లటి త్రేన్పు గొంతులోకి వస్తే ఎలా ఉంటుందో ఒకసారి అనుభవించిన మనిషి చెబుతున్న మాట.

వాంతుల మాత్ర వేసుకునేవాళ్లు బోటెక్కడానికి గంట ముందు వేసుకోవాలి, ఎక్కాక వేస్తే అదీ వాంతిలోనే పోతుంది. ఈ మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. ఇంటి దగ్గర ఓ సెలవురోజు వేసుకుని చూసుకోండి, పగలంతా తూగుతుంటే డాక్టర్ని అడిగి మార్చుకోండి. నా సంచిలో మాత్రం అల్లం మురబ్బా పొట్లం ఉంటుంది. ఘాట్‌రోడ్డు బస్సుల్లో మా అమ్మ పెట్టేది. అల్లం వికారాన్ని తగ్గిస్తుందన్నది వట్టి అమ్మమ్మల మాట కాదు, డాక్టర్లూ ఒప్పుకుంటారు. నోట్లో చిన్న ముక్క, చూపు దూరంగా ఆకాశం నీళ్లని కలిసే గీత మీద. బోటు మీద ఫోన్ చూశారో, అంతే సంగతులు.

ఇంతా చేసి నీళ్ల కింద వాంతి వస్తే? రెగ్యులేటర్ నోట్లోంచి తీయకూడదు. దాన్ని పళ్లతో పట్టుకునే అందులోకే కక్కేయాలి. అది బయటికి పోయే ఏర్పాటు దాంట్లో ఉంది. తర్వాత మీట నొక్కి శుభ్రం చేసుకుని గాలి పీల్చుకోవచ్చు. వినడానికి రోతగా ఉన్నా, కక్కాక అసంకల్పితంగా ఊపిరి పీలుస్తాం కాబట్టి అప్పుడు నోట్లో గాలి గొట్టమే ఉండాలి, సముద్రం కాదు. చుట్టూ చేపలు మూగుతాయి. వాటికది విందు.

ఇంకో రహస్యం. నీళ్లలో మునిగితే ఒంట్లో రక్తం గుండె వైపు చేరి, నీరు ఎక్కువైందని పొరబడి మూత్రపిండాలు పని పెంచుతాయి. మునిగిన పావుగంటకి అందరికీ అదే అవస్థ. అందుకని నీళ్లు తాగడం మానేయొద్దు. సిలిండర్లోని గాలి పొడిగా ఉంటుంది, ఎండ పైన కాస్తుంది, ఒంట్లో నీరు తగ్గితే డైవింగ్ జబ్బులకి దారి. కొబ్బరిబోండాలకి అండమాన్‌లో కొదవలేదు. బోటెక్కే ముందు ఒంటికి వెళ్లిరండి. అద్దె వెట్‌సూట్ లోపల మాత్రం మీ సొంత పొడుగు చేతుల ఈతచొక్కా, లెగ్గింగ్సు తొడుక్కోండి. మీకు ముందు అది వేసుకున్నవాళ్లు ఏం చేశారో మీకు తెలియదు కదా.

జడ, ముక్కుపుడక, మెట్టెలు

జుట్టు వదులుగా వదిలితే పట్టీలో చిక్కుకుంటుంది, మాస్కు అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లు కారతాయి. బిగుతుగా రెండు జడలు వేసుకుని చివర్లు కలిపి ముడేస్తే ఇక చూసుకోనక్కర్లేదు. సముద్రంలోకి దిగేముందు జుట్టుని మంచినీళ్లతో తడిపితే అది పీల్చుకోవాల్సిన నీళ్లు అప్పటికే పీల్చుకుని ఉంటుంది, ఉప్పు అంతగా పట్టదు. చివర్లకి కొబ్బరినూనె మంచిదే. నుదుటి దాకా రాశారో, మాస్కు జారిపోతుంది. మాస్కు వెనక పట్టీకి గుడ్డ తొడుగు కొనుక్కుంటే సిలికాన్ పట్టీ జుట్టు పీకే బాధ తప్పుతుంది. దాని ఖరీదు చాలా తక్కువ, దాని సుఖం చాలా ఎక్కువ.

నగల విషయంలో విదేశీ డైవర్లు చెప్పని సంగతొకటి మా అక్క వల్ల తెలిసింది. చెవులకి ఒత్తిడి సర్దుబాటు చేయాలంటే ముక్కు గట్టిగా నొక్కిపట్టాలి. రాయి ముక్కుపుడక ఉంటే ఆ నొక్కుడు నరకం. నొప్పికి సగమే నొక్కుతాం, గాలి సగమే వెళ్తుంది, చెవి మొరాయిస్తుంది. ముందురోజే తీసేయండి. మెట్టెలుంటే ఫిన్స్ లోపల వేలు ఒరుసుకుపోతుంది. చల్లటి నీళ్లకి వేళ్లు సన్నబడి ఉంగరం జారిపోవచ్చు, మెరిసే గొలుసులు కొన్ని చేపల్ని ఆకర్షిస్తాయి. ‘‘మంగళసూత్రం ఎలా తీస్తాను?’’ అని అక్క. పసుపుతాడు మీద సూత్రాలు మాత్రం ఉంచి ఈతచొక్కా లోపలికి వేసుకుంది. బంగారం హోటల్ గదిలో పెట్టి దిగులుపడే కన్నా ఇంటి దగ్గరే వదిలి రావడం మంచిదని రెండోసారికి నేర్చుకున్నాం.

సన్‌స్క్రీన్ గురించి నా అభిప్రాయం ఒకటే. రాసుకునే దాని కన్నా కప్పుకునేది మేలు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న క్రీములు పగడాలకి హాని చేస్తాయని 2020లో పలావు దేశం, 2021 నుంచి హవాయి రాష్ట్రం వాటి అమ్మకాన్ని నిషేధించాయి. ముఖానికీ మెడకీ తప్పదనుకుంటే జింక్ ఆక్సైడ్ రకం కొనండి, ముఖం సున్నం కొట్టినట్టయినా ఫర్వాలేదు. నుదుటి మీద మాత్రం వద్దు. చెమటకి కరిగి మాస్కు లోపల కళ్లలోకి కారితే తుడుచుకునే దారి ఉండదు.

ఆ రోజులొస్తే

రెండోరోజు పొద్దున అక్క కూతురు మంచం దిగలేదు. నెలసరి వచ్చింది. ‘‘ఇక ఒడ్డునే ఉంటాలే’’ అంది. అక్క కూడా ‘అదే మంచిది’ అంది. నేను ఇన్‌స్ట్రక్టర్ అమ్మాయిని అడిగితే ఆమె నవ్వేసింది. నెలకి పాతిక రోజులు నీళ్లలో ఉండే మేం ఏం చేస్తున్నామనుకుంటున్నారు అని. నీరసం, కడుపునొప్పి లేకపోతే డైవ్ చేయడానికి అభ్యంతరం లేదు. నెత్తురు వాసనకి సొరచేపలు వెంటపడతాయన్నదానికి ఆధారమేమీ లేదు. అక్కడి పగడపు దిబ్బల దగ్గర అరుదుగా కనిపించే చిన్న సొరలు మనిషి బుడగలు చూసి పారిపోయే రకం. ప్యాడ్ నీళ్లలో పనికిరాదు. టాంపన్ గానీ కప్పు గానీ కావాలి. ఒత్తిడికి కప్పుకి ఏమీ కాదు. అయితే కప్పు పెట్టుకోవడం నేర్చుకునే చోటు ఊగే బోటు మీది మరుగుదొడ్డి కాదు. రెండు మూడు నెలల ముందే ఇంట్లో అలవాటు చేసుకోవాలి. దీవి దుకాణాల్లో మీకు కావాల్సిన రకం దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు, తేదీ కాకపోయినా సంచిలో ఒకటి ఉండాలి. ప్రయాణం, బడలిక తేదీల్ని తారుమారు చేస్తాయి. మా పిల్లకి ఆరోజు కుదర్లేదు. మరుసటి ఏడాది కుదిరింది.

బోటు మీద బట్టలు మార్చుకోవడం అన్నది అసలు సమస్య. డైవింగ్ బోటంటే తెరలున్న ఓడ కాదు. పది మంది, సిలిండర్లు, ఒక టార్పాలిన్. విదేశీయులు టోపీ ఉన్న తువ్వాలు గౌను ఒకటి వేసుకుని లోపల మార్చుకుంటారు, అది తడిస్తే రెండు కిలోలు. మన కుట్టు వేసిన గళ్ల లుంగీ పిడికెడు చోటు పడుతుంది. మెడ దగ్గర పళ్లతో పట్టుకుంటే అదే గది. మార్చుకున్నాక అదే తువ్వాలు. తుడుచుకుని రెయిలింగుకి కడితే గాలికి గంటలో ఆరుతుంది. ఆరాక భుజాల చుట్టూ కప్పుకుంటే శాలువా, ఎందుకంటే నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది, 28 డిగ్రీల సముద్రంలోంచి వచ్చినా గాలి తగిలితే వణుకే. తిరుగు ప్రయాణంలో మాస్కు డబ్బా చుట్టూ చుట్టడానికీ అదే. రెండు పెట్టుకోండి.

మిగతావి గబగబా. ఈతబట్టలు రెండు జతలు. నీరు చొరని సంచి ఒకటి. మాస్కు, కళ్లజోడు, మందులు, చార్జరు చేతిసంచిలోనే, ఫెర్రీలో పెద్ద సంచులు వేరేచోట పడేస్తారు. టార్చి, కెమెరాల లిథియం బ్యాటరీలు, పవర్‌బ్యాంకు విమానంలో చేతిసంచిలో పెట్టుకోవాలి, లగేజీలో కాదు. కొంత నగదు. ఇసక ఈగలు కుడితే వారం దురద, కాబట్టి దోమల క్రీము, సాయంత్రాలకి పొడుగు పైజామా. చిన్న సీసా వెనిగర్ కొన్ని రకాల జెల్లీచేపల మంటకి పనికొస్తుంది. ముళ్ల చేప కుడితే చేయి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టి ఆస్పత్రికి వెళ్లాలి. ఏదీ ముట్టుకోకపోతే ఈ రెండూ అవసరం పడవు. సాయంత్రం తిరిగొచ్చాక మాస్కుని మంచినీళ్ల బకెట్లో నానబెట్టి నీడలో ఆరేయండి, ఎండలో సిలికాన్ పాడవుతుంది. పగడపు ముక్క ఎంత ముద్దుగా ఉన్నా సంచిలో వేయకండి. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు.

సంచిలో పట్టనిది

ఎంత జాగ్రత్తగా సర్దుకున్నవాళ్లయినా మర్చిపోయేది ఒక ఖాళీ రోజు.

ఒత్తిడి మీద గాలి పీల్చినప్పుడు అందులోని నత్రజని ఒంట్లోకి కరుగుతుంది. మెల్లిగా పైకొస్తే మెల్లిగా బయటికి పోతుంది. గోలీసోడాలో గోలీ నొక్కకముందు బుడగలు కనపడవు, నొక్కగానే బుస్సుమంటుంది చూశారా, ఒత్తిడి ఒక్కసారి తగ్గితే ఒంట్లోనూ అంతే. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తు కొండ మీద ఉన్నంత మాత్రమే ఉంటుంది. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినా వరుస రోజుల్లో చేసినా కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలన్నది డైవింగ్ వైద్యుల మాట. 24 గంటలు పెట్టుకుంటే నిశ్చింత. తేడా వస్తే కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ఇంకా పెద్దవీ రావచ్చు. దానికి చికిత్స చేసే ఒత్తిడి గదులు ప్రతి దీవిలోనూ ఉండవు. సాధారణ ప్రయాణ బీమా చాలావరకు డైవింగ్‌ని లెక్కలోకి తీసుకోదు, పాలసీ కాగితం చదివి చూసుకోండి.

ఈ లెక్క విమానానికే అనుకుంటారు అందరూ. విశాఖలో రుషికొండ దగ్గరా డైవింగ్ ఉంది. పొద్దున అక్కడ మునిగి, మధ్యాహ్నం భోంచేసి, సాయంత్రానికి అరకు చేరిపోదామని ప్లాన్ వేసుకునేవాళ్లని చూశాను. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, ఘాట్‌రోడ్డు అంతకన్నా పైకి ఎక్కి దిగుతుంది. కారైనా విమానమైనా ఒంట్లోని బుడగలకి తేడా తెలియదు. ముందు అరకు చూసి, ఆ తర్వాత సముద్రంలోకి దిగండి.

హావ్‌లాక్ అని అందరూ ఇప్పటికీ అనే దీవి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, పోర్ట్‌బ్లెయిర్ 2024 నుంచి శ్రీవిజయపురం. టికెట్లు తీసుకునేటప్పుడు రెండు పేర్లూ కనిపిస్తే కంగారుపడొద్దు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వెళ్లండి. మే మధ్య దాటితే నైరుతి రుతుపవనాలు ముందు వచ్చేది అక్కడికే.

మా మొదటి యాత్రలో ఆ ఖాళీ రోజు మేం పెట్టుకోలేదు, టికెట్లు మార్చుకుని డబ్బు కట్టాం. ఆఖరి డైవ్ పొద్దున 11కి ముగిసింది. మధ్యాహ్నం ఫెర్రీ ఎక్కి శ్రీవిజయపురం చేరి, ఏ పనీ లేకుండా హోటల్ వరండాలో కూర్చున్నాం. రెయిలింగు మీద లుంగీ ఆరుతోంది. దాని గళ్ల మధ్య ఉప్పు తెల్లగా తేలింది. మర్నాడు ఒంటిగంటకి విమానం, అంటే 26 గంటలు. విమానంలో బావ కిటికీ పక్కన కూర్చుని, ఫోన్ కెమెరాలో పై పెదవి అటూఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

‘‘మరదలా, హైదరాబాద్‌లో దిగేసరికి కాస్త వస్తుందంటావా?’’